ముందు లోడెంతో రాయి: చిన్న తెరచాప పడవలో కరెంటు లెక్క

సెప్టెంబరు నెలలో ఒక ఆదివారం, పొద్దు గూకే వేళకు, అమెరికాలోని చెసపీక్ అఖాతంలో థామస్ పాయింట్ దీపస్తంభం దాటి ఉత్తరంగా ఇంటిదారి పట్టాను. బాల్టిమోర్ రేవుకు పోయే కంటైనర్ నౌక ఒకటి నౌకామార్గంలో వెనకనుంచి వస్తోంది. గాలి పడిపోవడంతో నా పడవ ఆ మార్గాన్ని అడ్డంగా, నత్తనడకన దాటుతోంది. నౌకను నడిపేవారితో నేరుగా మాట్లాడడానికి ఈ దేశంలో వాడే 13వ ఛానెల్‌కు వీహెచ్ఎఫ్ రేడియోను తిప్పి, మైకు అందుకుని మీట నొక్కాను. రేడియో ఆరిపోయింది. మీట వదిలితే మళ్ళీ వెలిగింది. మూడుసార్లు నొక్కాను, మూడుసార్లూ ఆరిపోయింది. చివరకు మెట్ల పక్కన తగిలించి ఉన్న చేతి రేడియో తీసుకుని నా సంగతి చెప్పి, ఇంజిను వేసుకుని దారి తప్పుకున్నాను.

ఇందులో నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి ఏమిటంటే, అంతకు రెండు వారాల ముందే నేను ఎంతో ముచ్చటపడి ఆ పడవకు సోలార్ ప్యానెళ్లు బిగించుకున్నాను. బ్యాటరీ నిండుగా ఉంది. మానిటర్ మీద 12.6 వోల్టులని అంకె కనిపిస్తూనే ఉంది. అయినా రేడియోకు కావలసిన కరెంటు రేడియో దాకా చేరలేదు.

మరునాడు సెలవు పెట్టి, పక్క పరుపు ఎత్తి, దాని కింది చెక్క విప్పి చూశాను. బ్యాటరీ నుంచి స్విచ్చుల బోర్డుకు పోయే తీగ మధ్యలో, నాకు ముందున్న ముగ్గురు యజమానుల్లో ఎవరో, ఇక్కడి ఇళ్ల వైరింగులో తీగల కొనలకు తొడిగే ప్లాస్టిక్ టోపీ పెట్టి రెండు తీగలను మెలేసి టేపు చుట్టారు. టేపు జిగురంతా కారి వేలికి అంటుకుంటోంది. టోపీ తిప్పి తీయగానే పచ్చటి చిలుము పొడి రాలింది. తీగ తొక్క ఒలుచుకుంటూ వెనక్కి పోతే, ఒక జానెడు దూరం వరకు రాగి నల్లగా, మసి పట్టినట్టు ఉంది. ఉప్పుగాలిలో తగరం పూత లేని మామూలు రాగి తీగకు ఆ గతే పడుతుంది. తడి తొక్క లోపలే పాకుతూ లోలోపలికి పోతుంది. ఆ అతుకు వేసి ఎన్నేళ్లయిందో తెలియదు కాని, చిన్న చిన్న దీపాలు వెలిగినంత కాలం అది ఎవరికీ కనిపించలేదు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పక తప్పదు. వీహెచ్ఎఫ్ రేడియో వినేటప్పుడు అర ఆంపియరు కూడా తీసుకోదు. 25 వాట్ల శక్తితో మాట్లాడేటప్పుడు మాత్రం ఆరు ఆంపియర్ల వరకు లాగుతుంది. నా పడవలో బ్యాటరీ నుంచి రేడియోకు 5 మీటర్లు. కరెంటు పోవాలి, తిరిగి రావాలి కనుక 10 మీటర్ల తీగ. అది 1 చదరపు మిల్లీమీటరు తీగ అయితే మీటరుకు సుమారు 0.018 ఓముల నిరోధం. ఆరు ఆంపియర్ల మీద దారిలోనే దాదాపు 1.1 వోల్టులు పోతాయి. దానికి ఆ చిలుము పట్టిన అతుకు మింగే వోల్టు కూడా కలిపితే, నిండు బ్యాటరీ నుంచి బయలుదేరిన 12.6 వోల్టులు రేడియో దగ్గరకు వచ్చేసరికి పదిన్నరకు దిగిపోతాయి. ఆ వోల్టేజీ మీద రేడియో ప్రసారం చేయలేక ఆరిపోతుంది. అదే దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే దారిలో పోయేది పావు వోల్టు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ తీగ ఖరీదు నేను కొన్న ఒక్క ప్యానెల్ ఖరీదులో మూడో వంతు కూడా లేదు.

ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఇదే. చిన్న తెరచాప పడవ మీద సోలార్ అనగానే అందరం ప్యానెల్ దగ్గర మొదలుపెడతాం. ఎన్ని వాట్లు, ఏ కంపెనీ, ఎక్కడ బిగించాలి అని నెలల తరబడి చదువుతాం. ప్యానెల్ అన్నిటికంటే చివర కొనవలసిన వస్తువు. ముందు వాడకం లెక్క, తర్వాత తీగలు, అతుకులు, ఫ్యూజులు, ఆ తర్వాత బ్యాటరీ, అన్నీ అయ్యాక ప్యానెల్. నేను సరిగ్గా తలకిందులుగా చేశాను.

ఈ వరస నా బుర్రలో పుట్టింది కాదు. మా బాబాయి కాకినాడ దగ్గర కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్లకు పైగా పని చేసి రిటైరయ్యాడు. ప్యానెళ్లు బిగించిన రోజు వీడియో కాల్‌లో గర్వంగా చూపిస్తే, ఆయన ప్యానెల్ వంక చూడనే లేదు.

"లోడెంతరా?" అన్నాడు.

"పెద్దగా ఏముంటుంది బాబాయ్, రెండు లైట్లు, ఒక రేడియో..."

"మోటారు కనెక్షనుకు వచ్చిన ప్రతి రైతూ ఇదే మాట చెప్పేవాడు. మూడు హెచ్‌పీ అని రాసిచ్చి ఐదు బిగించేవాడు. ట్రాన్స్‌ఫార్మరు కాలాక మమ్మల్ని తిట్టేవాడు. ముందు లోడెంతో కాగితం మీద రాయి."

అప్పుడు నవ్వుకున్నాను. రేడియో ఆరిపోయిన తర్వాత కాగితం తీశాను.

మన ఇళ్లలో ఇన్వర్టర్ కొనేటప్పుడు దుకాణదారుడు "150 ఏహెచ్" అంటాడు చూడండి, ఆ ఏహెచ్ అంటే ఆంపియర్-గంటలే పడవ మీద కూడా రూపాయి పైసల వంటివి. ఒక ఆంపియరు ఒక గంట వాడితే ఒక ఆంపియర్-గంట ఖర్చు. లంగరు వేసి ఒక రాత్రి గడిపే రోజున నా ఖర్చు ఇలా తేలింది: తెరచాప స్తంభమైన మాస్టు కొన మీద ఎల్‌ఈడీ లంగరు దీపం రాత్రంతా వెలిగితే ఒకటిన్నర, లోపలి దీపాలు రెండు, రేడియో పది గంటలు వింటూ ఉంటే నాలుగు, లోతు, గాలి చూపే పరికరాలు రెండు, చుట్టుపక్కల నౌకలకు మన ఉనికి చెప్పే ఏఐఎస్ రెండు, సముద్రపటం చూపే ఏడంగుళాల చార్ట్‌ప్లాటర్ ఎనిమిది గంటలకు ఆరున్నర, చుక్కాని పట్టే ఆటోపైలట్ నాలుగు గంటలకు మూడు, ఫోన్లు, టాబ్లెట్ల చార్జింగు ఐదు. మొత్తం 26 ఆంపియర్-గంటలు. శుక్రవారం సాయంత్రం వెళ్లి ఆదివారం సాయంత్రం వచ్చే ప్రయాణానికి రెండు రోజుల లెక్కన 52.

ఈ కాగితం రాస్తున్నప్పుడే తెలిసిన విషయం ఒకటుంది. నేను కొన్న కొత్తలో మాస్టు మీద పాతకాలపు 10 వాట్ల ఫిలమెంటు బల్బు ఉండేది. అది ఒక్కటే రాత్రికి ఎనిమిది ఆంపియర్-గంటలు మింగేది. ఎల్‌ఈడీకి మార్చినందువల్ల రాత్రికి మిగిలిన ఆరున్నర, మంచి ఎండలో 25 వాట్ల ప్యానెల్ రోజంతా కష్టపడి తెచ్చేదానికి సమానం. బల్బు మార్చడమంటే ఒక ప్యానెల్ బిగించినట్టే. పైగా దానికి స్టాండు అక్కరలేదు, గాలికి అడ్డం రాదు.

ఇక రాబడి వైపు. 100 వాట్ల ప్యానెల్ అంటే గంటకు ఎనిమిది ఆంపియర్-గంటలు వస్తాయని లెక్కలు కట్టేవాళ్లున్నారు. రావు. ఆ 100 వాట్లు ప్రయోగశాలలో 25 డిగ్రీల దగ్గర, నిటారుగా పడే వెలుగులో కొలిచినవి. ఎండలో కాగిన ప్యానెల్ అరవై డిగ్రీలు దాటుతుంది, డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది. పడవ ఊగుతుంది, తిరుగుతుంది, సూర్యుడి వైపు నిలకడగా ఎన్నడూ ఉండదు. వేసవిలో ఈ అఖాతం మీద 100 వాట్లకు రోజుకు 25 ఆంపియర్-గంటలు వస్తే నేను సంతోషిస్తాను, 30 వస్తే మంచిరోజు. ముసురు రోజున ఐదూ ఆరూ వచ్చినా ఆశ్చర్యం లేదు.

అయినా అది నాబోటివాడికి చాలు. ఎందుకంటే వారాంతంలో తిరిగే పడవ సోమవారం నుంచి శుక్రవారం దాకా నీటిలో తేలే బోయాకు కట్టేసి ఊరికే ఉంటుంది. ఖర్చు రెండు రోజులు, సంపాదన ఏడు రోజులు. ఖర్చు చేసిన 52 ఆంపియర్-గంటలు బుధవారానికల్లా తిరిగి వచ్చేస్తాయి. మిగిలిన రెండు రోజులు బ్యాటరీ చివరి పదిహేను శాతం నెమ్మదిగా నింపుకుంటుంది. సీసపు బ్యాటరీకి కావలసింది సరిగ్గా ఆ నెమ్మదే. ఇంజినుకున్న ఆల్టర్నేటరు గంటసేపు తిప్పితే సగం నింపిన బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండక, పలకల మీద సల్ఫేటు గట్టిపడి రెండు మూడేళ్లకే చచ్చిపోతుంది. నాకున్నవి వందేసి ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలు రెండు. సగానికి మించి వాడకూడదు కనుక చేతిలో ఉన్నది వంద. లిథియం ఎందుకు పెట్టలేదని స్నేహితులు అడుగుతారు. బరువులో, వాడుకోదగిన నిల్వలో అవే మెరుగు, ఒప్పుకుంటాను. కాని సున్నా డిగ్రీల దిగువన వాటిని చార్జి చేయకూడదు, ఇక్కడి మార్చి నెల ఉదయాలు ఆ సంగతి పట్టించుకోవు. ఉన్న బ్యాటరీలు చచ్చాక చూద్దాం.

నీడ గురించి మాత్రం కాస్త నిలిచి చెప్పాలి. ఇంటి పైకప్పు అనుభవంతో వచ్చినవాళ్లు ఇక్కడే మోసపోతారు. నా ప్యానెళ్లు యాభైయేసి వాట్లవి రెండు, వెనక కడ్డీల మీద కుడి ఎడమలకు ఒక్కొక్కటి, పైకీ కిందికీ వంచుకునేలా బిగించి ఉన్నాయి. ఒక మధ్యాహ్నం ఫోన్‌లో ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మలిచే కంట్రోలర్ చూపే అంకెను చూస్తూ, ఎండలో ఉన్న కుడి ప్యానెల్ మీద నా అరచేయి ఒక గడి మీద మాత్రమే పడేలా పెట్టాను. 2.6 ఆంపియర్లు చూపిస్తున్న అంకె క్షణంలో 0.3కి పడిపోయింది. ముప్ఫై ఆరు గడుల్లో మూసింది ఒక్కటి. పోయింది దాదాపు అంతా. గడులన్నీ తోరణంలో ఆకుల్లా ఒకే దారానికి వరసగా గుచ్చి ఉంటాయి కనుక, కరెంటు అన్నిటి గుండా పోవాలి. ఒక్కటి ఆగితే అన్నీ ఆగుతాయి. పక్కదారి చూపే డయోడులు ఉంటాయి నిజమే. కాని ఇలాంటి ప్యానెల్‌లో అవి సగం గడులను ఒక్కసారిగా దాటవేస్తాయి. మిగిలిన సగం గడుల తొమ్మిది వోల్టులతో పన్నెండు వోల్టుల బ్యాటరీ నిండదు. పడవ మీద తెరచాప అడుగు అంచును పట్టే దూలం, బూమ్ ఉంటుంది, మాస్టును వెనకనుంచి పట్టి ఉంచే తీగ ఉంటుంది, జెండా ఉంటుంది, ఆరేసిన తువాలు ఉంటుంది. అందుకే రెండు ప్యానెళ్లను వరసగా కలపకుండా ఒక్కోదానికి ఒక్కో చిన్న కంట్రోలర్ పెట్టాను. బూమ్ నీడ ఎడమదాని మీద పడినప్పుడు కుడిది తన పని తాను చేసుకుంటుంది. లంగరు వేశాక బూమ్‌ను తాడుతో ఒక పక్కకు లాగి కట్టడం అలవాటు చేసుకున్నాను. పైసా ఖర్చు లేని ఆ పనివల్ల వచ్చినంత లాభం నాకు ఇంకే కొనుగోలు వల్లా రాలేదు.

రేవులో నా పక్క పడవవారు వెనక స్టీలు కమాను కట్టించి 400 వాట్లు పెట్టించారు, నన్నూ పెట్టించమంటారు. వారి పడవ నలభై అడుగులది. వారు చలికాలమంతా దక్షిణాన ఆ పడవలోనే కాపురం ఉంటారు, అందులో ఫ్రిజ్ ఉంది, ఉపగ్రహ ఇంటర్నెట్ ఉంది. ముప్ఫై వాట్లు తీసుకునే చిన్న ఇంటర్నెట్ పళ్లెం కూడా ఇరవై నాలుగు గంటలు వేసి ఉంచితే రోజుకు 60 ఆంపియర్-గంటలు. కాగితం మీద వారి లోడు వేరు కనుక వారికి ఆ కమాను న్యాయమే. 27 అడుగుల పడవకు మాత్రం వెనక అంత ఎత్తున అంత బరువు, అంత గాలిపట్టు పెడితే, అది తెరచాప పడవలా నడవదు. మెత్తటి ప్యానెళ్లను పైకప్పుకు అతికించమనే సలహా కూడా నాకు నచ్చదు; కింద గాలి ఆడక కాగిపోతాయి, ఎవరో ఒకరు వాటి మీద కాలు వేయక మానరు.

ఫ్యూజుల విషయంలో నేను చేసిన తప్పు చాలామంది చేస్తారు. ప్యానెల్ నుంచి కరెంటు వస్తుంది కాబట్టి ఫ్యూజు ప్యానెల్ వైపు ఉండాలనుకున్నాను. యాభై వాట్ల ప్యానెల్ తీగలు రెండూ కలిసిపోయినా వచ్చేది మూడు ఆంపియర్లే; ఆ తీగకు ఏమీ కాదు. అదే తీగకు రెండో కొన బ్యాటరీ మీద ఉంది. వంద ఆంపియర్-గంటల బ్యాటరీ కొనలు కలిస్తే వేయి ఆంపియర్లకు పైగా తోస్తుంది. సన్నటి తీగ కొన్ని క్షణాల్లో ఎర్రగా కాలి, చుట్టూ ఉన్న ఫైబర్‌గ్లాసును అంటుకుంటుంది. అందుకే ఫ్యూజు బ్యాటరీని ఆనుకుని ఉండాలి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ వారి ఈ-11 ప్రమాణం సాధారణంగా ఏడంగుళాల లోపు అంటుంది. అడుగున చేరిన నీటిని తోడే పంపుకు మాత్రం మెయిన్ స్విచ్చుతో సంబంధం లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా, తన ఫ్యూజుతో తనకు వేరే దారి ఇచ్చాను. అన్నీ ఆపేసి ఇంటికి వెళ్లాక పడవను కాపాడేది అదొక్కటే.

అతుకుల మీద ఇంత పట్టుదల ఎందుకని మా ఆవిడ అడిగింది. ఈ అఖాతం ఎగువనే, 2024 మార్చి 26 తెల్లవారకముందు, డాలీ అనే నౌక కరెంటు పోయి, అదుపు తప్పి, బాల్టిమోర్‌లో ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనను ఢీకొట్టింది. వంతెన మీద గుంతలు పూడుస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. 984 అడుగుల ఆ నౌకలో మొదటిసారి కరెంటు పోవడానికి కారణం వదులుగా ఉన్న ఒక తీగ అని జాతీయ రవాణా భద్రతా బోర్డు 2025లో తేల్చింది. తీగకు తొడిగిన పేరు పట్టీ అడ్డం పడి, తీగ కొన దాని బిగింపులో పూర్తిగా దిగలేదట. ఆ వార్త చదివిన రాత్రి నేను టార్చిలైటు పట్టుకుని నా స్విచ్చుల బోర్డు వెనక ప్రతి తీగనూ ఒక్కొక్కటిగా లాగి చూశాను. రెండు నా చేతిలోకి వచ్చేశాయి. వాటిని బిగించింది పాత యజమాని కాదు, నేనే.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. తగరం పూత ఉన్న తీగే వాడతాను. కొనలను సరైన పటకారుతో నొక్కి, లోపల జిగురున్న కుదించుకుపోయే గొట్టం తొడిగి వేడి చేస్తాను, జిగురు అంచున పూసలా బయటికి వచ్చేదాకా. తర్వాత గట్టిగా లాగి చూస్తాను. ఒక్క అతుకుకు పది నిమిషాలు పడుతుంది. పడవ మొత్తానికి ఒక చలికాలం పట్టింది.

చవక ఎల్‌ఈడీ గురించి కూడా హెచ్చరించాలి. నేను ఇంతగా పొగిడిన ఆ మాస్టు దీపాన్ని మొదట ఏదో చవకరకం కొన్నాను. రాత్రి దీపం వేస్తే దూరపు మాటలు వినిపించడం మానేశాయి. కొన్ని ఎల్‌ఈడీ దీపాల్లోని సర్క్యూట్లు వీహెచ్ఎఫ్‌కు, ఏఐఎస్‌కు అడ్డు తగిలే రొద పుట్టిస్తాయని అమెరికా కోస్ట్‌గార్డ్ 2018 ఆగస్టులోనే హెచ్చరిక జారీ చేసింది. పరీక్ష తేలిక. ఎవరూ మాట్లాడని ఛానెల్ పెట్టి, గరగర సరిగ్గా ఆగేంతవరకు స్క్వెల్చ్ తిప్పి, దీపం వేయాలి. గరగర మళ్ళీ మొదలైతే దీపానిదే తప్పు. నాది మొదలైంది. సోలార్ కంట్రోలర్లను కూడా అలాగే పరీక్షించుకోవచ్చు. టాబ్లెట్ స్పీకరులోని అయస్కాంతం దిక్సూచిని పక్కకు తిప్పడం వంటి చిన్న సంగతులు ఎవరికివారికి తొందరలోనే తెలిసివస్తాయి.

ఎంత బాగా తీగలు వేసినా, అన్నీ ఒకే బ్యాటరీని నమ్ముకుంటే అది చాలదు. 2018 సెప్టెంబరులో, ప్రపంచాన్ని చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ పడవ రేసులో ఒంటరిగా వెళ్తున్న మన నావికాదళ అధికారి అభిలాష్ టామీ పడవ దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫానులో దొర్లి, మాస్టు విరిగి, ఆయన వెన్ను దెబ్బతింది. లేవలేని స్థితిలో బంకు మీద పడి ఉన్న ఆయన, చిన్న ఉపగ్రహ సందేశ పరికరం ఒకటి చేతికి అందడం వల్ల తన పరిస్థితి చెప్పగలిగాడు. అత్యవసర సంచిలో సర్దిపెట్టిన రెండో ఉపగ్రహ ఫోను, చేతి రేడియో మాత్రం ఆయనకు అందలేదు. మూడు రోజులకు ఒసిరిస్ అనే ఫ్రెంచి నౌక ఆయనను తీసుకువెళ్లింది. ఆయన కోలుకుని, అదే రేసులో మళ్ళీ పాల్గొని 2023లో రెండో స్థానంలో ముగించాడు. నా సరదా ప్రయాణాలను ఆ సాహసంతో పోల్చడం లేదు. కాని నా చేతి రేడియో సంచిలో కాకుండా మెట్ల పక్కన మేకుకు వేలాడడానికి కారణం ఆ సంఘటనే. ఆ ఆదివారం అది అక్కడ ఉండబట్టే అక్కరకు వచ్చింది.

మిగిలింది ఫ్రిజ్ తగాదా. నేను మొదటినుంచీ వద్దనే అంటున్నాను. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ వేసవిలో రోజుకు 35 ఆంపియర్-గంటల దాకా తింటుంది. మిగతా సామానంతా కలిపి తినేదానికంటే అది ఎక్కువ. పులిహోర, ఆవకాయ, పెరుగన్నం మోసుకుని ప్రయాణాలు చేసిన జాతికి రెండు రోజులకు ఐసు పెట్టె చాలదా అన్నది నా వాదన. పదిహేనేళ్ల మా అమ్మాయి ఈ చలికాలంలో నా కాగితాన్నే నా ముందు పెట్టింది. 26కు 35 కలిపి 61, రెండు రోజులకు 122, శని, ఆదివారాలు ఎండ కాస్తే ప్యానెళ్లు తెచ్చేది 50, తీసేస్తే 72, నీ దగ్గరున్నది వంద. "ఆ రెండు రోజుల ఎండను నువ్వు లెక్కలో వేసుకోలేదు నాన్నా" అంది.

ముసురు పట్టిన వారాంతం సంగతేమిటని అడిగాను. అలాంటప్పుడు ఫ్రిజ్ ఆపేస్తానంది. బాబాయికి ఫోన్ చేసి తీర్పు చెప్పమన్నాను. ఆయన ముందుగా, ఫ్రిజ్‌కు ఎంత మందం తీగ వేస్తున్నామని అడిగాడు.